నెట్ తెగితే అప్‌డేట్ ఖరాబైతదా?

ములుగు, భూపాలపల్లి దిక్కు కంప్యూటర్ సెంటర్లోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది: "సిగ్నల్ సరిగ లేని ఊర్లల్ల ఆటో అప్‌డేట్ బంద్ పెట్టుండ్రి. నడుమ నెట్ పోతే సిస్టం ఖరాబైతది. మళ్లా మొదటికెల్లి దిగుతది, జీబీలన్నీ పోతయి. ఏడాదికోసారి హన్మకొండకు పోయి చేయించుకుంటే సాలు."

"నడుమ నెట్ పోతే ఖరాబైతది." కాదు. ఫైల్ దింపుకోవడం వేరు, దాన్ని సిస్టంలో ఎక్కించడం వేరు. దిగుతున్న ముక్కలు పక్కన ఒక ఫోల్డర్‌లో పడుంటాయి. ఉబుంటు అనే లినక్స్ సిస్టంలోనైతే, సాఫ్ట్‌వేర్ దింపి ఎక్కించే ఆప్ట్ ప్రోగ్రాం క్యాష్‌లోని (దింపినవి దాచే చోటు) 'పార్షియల్' ఫోల్డర్ అదే. మొత్తం దిగి, హ్యాష్ (ఫైల్ సరిగ్గా దిగిందో లేదో చెప్పే వేలిముద్రలాంటి సంఖ్య) సరిపోయాకే ఇన్‌స్టాల్ మొదలవుతుంది. అసలు భయపడాల్సింది కరెంటుకు: ఇన్‌స్టాల్ నడుస్తుండగా గాలివానకు లైన్ పోతే, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ నిజంగానే మొరాయించొచ్చు. అందుకే 'ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్' కమాండ్‌కు 'డౌన్‌లోడ్-ఓన్లీ' (దింపడం వరకే) ఆప్షన్ ఇచ్చి రాత్రి దింపుకోవాలి, పొద్దున మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఎక్కించాలి.

"మళ్లా మొదటికెల్లి దిగుతది." విండోస్‌లో వెనక నుంచి ఫైళ్లు దింపే బిట్స్ సర్వీస్ ఎక్స్‌పీ కాలం నుంచీ ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. ఇప్పటి విండోస్‌లో అప్‌డేట్లను ఎక్కువగా మోసే డెలివరీ ఆప్టిమైజేషన్ కూడా అంతే. ఆప్ట్ కూడా అంతే. మొదటికి వచ్చేది బ్రౌజర్‌లో దింపే పెద్ద ఐఎస్ఓలకే (మొత్తం సిస్టం ఒకే ఫైల్‌గా ఉండేవి), అదీ లింకు గడువు తీరినప్పుడో, సర్వర్ ముక్కలుగా ఇవ్వనప్పుడో. వాటికి డబ్ల్యుగెట్ (కమాండ్‌తో ఫైళ్లు దింపే ప్రోగ్రాం) వాడండి: 'కంటిన్యూ' ఆప్షన్, 'ట్రైస్' 0 (అంటే విసుగు లేకుండా ప్రయత్నిస్తూనే ఉంటుంది), 'టైమౌట్' 30. ఈ మూడోది చాలామంది మరిచిపోతారు. చెప్పకపోతే అది 900 సెకన్లు, అంటే సిగ్నల్ చచ్చిన లైన్ పట్టుకుని పావుగంట ఊరికే కూర్చుంటుంది. డీఎన్ఎస్ (సైట్ పేరును బట్టి దాని అడ్రస్ చెప్పేది) దొరకకపోతే మాత్రం ఇవన్నీ ఉన్నా మానేస్తుంది. దానికి 'రీట్రై-ఆన్-హోస్ట్-ఎర్రర్' కూడా కలపాలి. ఆగి ఉన్నప్పుడు సర్వర్‌లో ఫైల్ మారితే పాత సగానికి కొత్త సగం అతుక్కుంటుంది. కాబట్టి చివర్లో ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్‌ను సైట్‌లో ఇచ్చినదానితో సరిచూడనిదే వాడొద్దు.

"జీబీలన్నీ పోతయి." ఇందులో సగం నిజం ఉంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయిపోతే చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ లెక్కన ఒక జీబీ దిగడానికి దాదాపు 35 గంటలు. కానీ అర్ధరాత్రికి మిగిలిన డేటా ఎట్లాగూ మురిగిపోయేదే కదా! క్రాన్‌లో (చెప్పిన టైంకు కమాండ్ నడిపే ఉబుంటు సౌకర్యం) రాత్రి 11:00కు ఆ ఆప్ట్-గెట్ డౌన్‌లోడ్-ఓన్లీ కమాండ్ పెట్టి, దాని ముందు 'టైమౌట్ 55ఎం' (55 నిమిషాలకు ఆపే వేరే కమాండ్, డబ్ల్యుగెట్ ఆప్షన్ కాదు) తగిలిస్తే 11:55కు అదే ఆగుతుంది. మిగతాది రేపు రాత్రి. టవర్ ఖాళీగా ఉంటుందని తెల్లవారుజామున 2 గంటలకు పెడితే రేపటి డేటా తిన్నట్టే.

పది మెషీన్ల ల్యాబ్‌లో పదిసార్లు దింపడం దండగ. ఒక ఉబుంటు మెషీన్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ (ఒకసారి దింపినదాన్ని దాచి పక్క మెషీన్లకు పంచే ప్రోగ్రాం) వేసి, మిగతా ఉబుంటు మెషీన్లన్నింటికీ దాని 3142 పోర్టును ప్రాక్సీగా (నడుమ నుంచి ఫైళ్లు అందించేదిగా) ఇవ్వండి. విండోస్‌లోనైతే పక్క మెషీన్లతో అప్‌డేట్లు పంచుకునే డెలివరీ ఆప్టిమైజేషన్ ఆన్ చేయాలి, కానీ 'లోకల్ నెట్‌వర్క్' వరకే. ఇంటర్నెట్ కూడా ఎంచుకుంటే మీ డేటాతో ఊరందరికీ అప్‌లోడ్ చేసిపెడుతుంది.

"ఏడాదికోసారి సాలు." ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగిన వాన్నాక్రై వైరస్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది 2017 మార్చి 14న. దాడి మే 12న. నడుమ 59 రోజులు. ఆ 59 రోజుల్లో హన్మకొండ ట్రిప్ పడకపోతే అంతే.

సిగ్నల్ అసలే అందని ఊరైతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ సైట్‌లో ఎంఎస్‌యూ ఫైళ్లు (నెట్ లేకుండానే ఎక్కించుకునే విండోస్ అప్‌డేట్లు) దొరుకుతాయి, మీ విండోస్ వెర్షన్ చూసుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. నెలవారీ ప్యాచ్‌లు వచ్చేది రెండో మంగళవారం, మన టైంలో రాత్రి 10:30 దాటాక. వాటిని తెచ్చుకోవడానికి బుధవారం పోతే సరి.