కోలాటంలో గొర్రెదాటు ఎక్కడుంది?

పదిమంది ఒకే తాళానికి కదులుతుంటే మనం కళ్లప్పగించి ఎందుకు చూస్తామో చెబుతూ ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి మూడు మాటలు: ఇదంతా మిర్రర్ న్యూరాన్ల పని, ఎంత అచ్చుగుద్దినట్టు ఆడితే అంత అందం, చివరికి ఇది గొర్రెదాటు బుద్ధి. మూడూ నిలబడవు.

మిర్రర్ న్యూరాన్లను 1990ల మొదట్లో ఇటలీలోని పార్మాలో శాస్త్రవేత్త రిజొలాటి బృందం కోతుల మెదడులో గుర్తించింది. కోతి తాను ఒక వస్తువును పట్టుకున్నా, ఇంకొకరు పట్టుకోవడం చూసినా ఆ కణాలు స్పందిస్తాయి. సరే, దానికి ఒక్క మనిషి చెయ్యి కదిపినా చాలు కదా! ఒంటరి ఆటకూ ఇరవై మంది కలిసి ఆడే ఆటకూ మనకు కలిగే తేడా ఎక్కడిదో దీనివల్ల తెలియదు.

రెండో మాట నాకు నిజంగా కోపం తెప్పించింది, జడకోలాటం ఒక్కసారి చూసినవాళ్లు ఎవరూ అలా అనరు. పైనుంచి వేలాడే తాళ్లు తలా ఒకటి పట్టుకుని సగంమంది ఇటూ సగంమంది అటూ తిరుగుతూ, ఒకరు లోపలికి వెళ్తే ఎదురొచ్చేవాళ్లు బయటికి జరుగుతూ జడ అల్లుతారు, మళ్లీ అదే దారిన వెనక్కి తిరిగి విప్పుతారు. అందరిదీ ఒకే కదలిక కాదు, కలిసేది లయ. మామూలు కోపుల్లోనూ, అంటే అడుగుల వరసల్లోనూ అంతే, ఉద్దీలు, అంటే జతగా ఆడేవాళ్లు, ఎవరి దిక్కున వాళ్లు తిరిగినా కోలలు మాత్రం ఒకే దెబ్బకు కలుస్తాయి. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో కళాకారులు నాలుగు ప్రేక్షక బృందాల ముందు చేతులు ఊపడం, నడవడం, పరుగెత్తడం మాత్రమే చేశారు. చూసేవాళ్ల అభిప్రాయం ఒక్కటిగా ఉన్న బృందాల్లో, కళాకారుల కదలికల పొందికను బట్టి వాళ్ల ఆనందాన్ని అంచనా వేయగలిగారు. ఆ పొందికను కొలిచింది మణికట్టుకు కట్టిన సెన్సర్లు, వాటికి తెలిసేది వేగంలో మార్పులే, ఎవరి భంగిమ ఎంత ఒకేలా ఉందో కాదు.

ఇక గొర్రెదాటు. ముందువాళ్లను చూసి కోల ఎత్తితే అప్పటికే దెబ్బ తప్పిపోతుంది, ఎదుటి కోల ఎప్పుడు వస్తుందో ముందే లెక్కలో ఉండాలి, అది నెలల సాధన. 2003లో హేగన్, బ్రయంట్ అనే పరిశోధకులు చెప్పింది ఇదే: కలిసి పాడటం, ఆడటం ద్వారా ఒక గుంపు తమ మధ్య ఎంత పొత్తు ఉందో చూసేవాళ్లకు తెలియజేస్తుంది. నాకు ఇదే సబబుగా తోస్తుంది. మెసేజ్‌లో గొర్రెదాటుకు సైనిక కవాతులను ఉదాహరణగా చూపించారు. పాలకులు కవాతులతో జనాన్ని భయపెట్టిన మాట నిజమే, కానీ ఆ భయం పుట్టేదీ వీళ్లు విడిపోరని చూసేవాళ్లకు అర్థమవడం వల్లే. ఆ బలాన్ని ఎవరు దేనికి వాడారన్నది వేరే గొడవ, దానికోసం గుడి ముందు కోలాటం ఆడే ఆడవాళ్లనూ, వాళ్లను చూసి మురిసిపోయేవాళ్లనూ ఆలోచన లేనివాళ్లనడం అన్యాయం.