పెళ్లి కావాల్సిన పిల్లవి, దాచుకోమంటారు

నాకు టైప్ 1 షుగర్ అని తేలింది 2012లో. ఏటా ఆ రోజు మా ఇంట్లో పాయసం వండుతాం. తగినంత ఇన్సులిన్ వేసుకుని నేనూ తింటాను. "రోగం బయటపడిన రోజు పండగేంటే?" అని పిన్ని కోప్పడుతుంది. పండగే పిన్నీ. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు చిక్కి శల్యమై పోవడమే.

నాకు ఒళ్లు మండేది "దాచు" అన్నప్పుడు. సంబంధాలు చూస్తున్న రోజుల్లో విశాఖ మద్దిలపాలెంలో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాల ముందు ఇంజెక్షన్ ఎవరికంటా పడకూడదని నన్ను బాత్రూంలోకి పంపారు. తడి నేల. గడియ సరిగ్గా పడని తలుపు. కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో పొట్టలో ఇన్సులిన్ పెన్ను సూది గుచ్చి పది అంకెలు లెక్కపెడుతుంటే బయట ఎవరో తలుపు బాదుతున్నారు. నేనేం తప్పు చేశానని?

స్వీట్లు తిని తెచ్చుకున్నది కాదిది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని మన ఒళ్లే నాశనం చేసుకుంటుంది. కషాయం తాగి ఇన్సులిన్ మానెయ్యమనేవాళ్లకి దండం పెట్టి చెప్తున్నా, మానేస్తే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది.

రక్తంలో షుగర్ 70 కంటే దిగితే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. పక్కవాళ్లకి నా సంగతే తెలీకపోతే ఇవన్నీ ఎవరు చేస్తారు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు పోతే మా ఫ్రిజ్ ఉత్త బీరువా అయిపోయింది. అమ్మ ఇన్సులిన్ సీసాల్ని కవర్లో చుట్టి ముంతలో పెట్టి, ఆ ముంతని తడి ఇసుక పోసిన కుండలో దించింది. ఇసుక ఆరకుండా చూడాలి, ఇంట్లోనేమో తాగడానికే నీళ్లు లేవు. అమ్మ ఇక దాచలేక పక్కింటి మామ్మగారికి చెప్పేసింది. అప్పట్నుంచి ట్యాంకర్ వచ్చినప్పుడల్లా వాళ్లబ్బాయి ముందు మా కుండకి ఒక చెంబు పోసి, తర్వాతే బిందెలు వాళ్లింటికి మోసుకెళ్లేవాడు.

అందుకే షుగర్ ఉన్న పిల్లల అమ్మానాన్నలకి చెప్తున్నా. బ్యాగులో గ్లూకోజు పొడి ఏ అరలో ఉందో క్లాస్ టీచర్‌కి, ఆటో అన్నకి, పక్కన కూర్చునే పిల్లకి కూడా చెప్పి పంపండి. సంబంధాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.