ఆర్డీకి డిస్క్ వేసే ముందు వెర్నియర్ బయటికి తీయండి

రాజ్‌దూత్ 350కి, అదే మన ఆర్డీకి, ఫెయిరింగ్ (ముందు వైపు గాలిని చీల్చే ఫైబర్ తొడుగు) కట్టించి, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు వేయించి ఫొటోలు పెడుతున్న తమ్ముళ్లూ, ఒక్క ప్రశ్న. మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసేది) బోర్, అంటే వెర్నియర్ పెట్టి కొలిచే లోపలి వ్యాసం, ఎంత? కాలిపర్ (ప్యాడ్‌లతో డిస్క్‌ని పట్టి ఆపేది) ఏ బండిదో, డిస్క్‌కి ఎన్ని రంధ్రాలో గడగడా చెప్తారు. బోర్ అడిగితే మాత్రం మౌనం.

డిస్క్ వేయడం తప్పని అనడం లేదు. 1983లో ఎస్కార్ట్స్ ఈ బండిని ఇక్కడ దించినప్పుడు యమహా ఒరిజినల్ ఆర్డీ350కి ఉన్న డిస్క్ తీసేసి 7 అంగుళాల డ్రమ్ పెట్టింది. 347 సీసీ టూస్ట్రోక్ ఉరుకుడికి అది చాలదన్న గొడవ ఇవాళ్టిది కాదు.

లెక్క చూడండి. 27 మి.మీ. పిస్టన్లు రెండున్న ఫ్లోటింగ్ కాలిపర్ (పిస్టన్లు ఒక పక్కే ఉండేది) తీసుకుంటే వాటి వైశాల్యం సుమారు 1145 చదరపు మి.మీ. మాస్టర్ బోర్ 11 మి.మీ. అయితే దాని వైశాల్యం 95, అంటే నిష్పత్తి 12, మాస్టర్ దగ్గర తోసిన బలం కాలిపర్ దగ్గర అన్ని రెట్లవుతుంది. రెండు వేళ్లకే పలుకుతుంది. చేతికి దొరికింది కదా అని డబుల్ డిస్క్ బండిది 16 మి.మీ. మాస్టర్ బిగిస్తే నిష్పత్తి 6 కూడా రాదు. లివర్ రాయిలా ఉంటుంది. 'భలే గట్టిగుంది అన్నా' అని మురిసిపోతారు. గట్టిగున్నది లివరే, పిడికిలంతా బిగించినా బండి జారుతూనే పోతుంది.

కాలిపర్‌ని ఫోర్కుకి పట్టి ఉంచే బ్రాకెట్ సంగతి ఇంకా ఘోరం. 280 మి.మీ. డిస్క్ మీద ప్యాడ్ పట్టే చోటు ఇరుసుకి సుమారు 120 మి.మీ. దూరం. టైరు నేలని తాకే చోటుకి 300 పైనే. అంటే రోడ్డు మీద టైరుకి పడే బలానికి రెండున్నర రెట్లు కాలిపర్ మీద పడుతుంది. మనిషితో కలిపి 230 కిలోల బండిని ముందు బ్రేకుతో గట్టిగా ఆపితే, టైరు దగ్గర 140 కిలోల బలం అనుకున్నా, ఆ బ్రాకెట్‌ని లాగేది దాదాపు 350 కిలోల బలం. దానికి 5 మి.మీ. అల్యూమినియం పట్టీ కోసి, అల్యూమినియం ఫోర్క్ బాటమ్‌కి (ఫోర్కు కింది గొట్టానికి) వెల్డింగ్ పెడతారా? వేడికి ఆ పోత బలం పోతుంది, పగులు పెయింట్ కింద దాక్కుంటుంది. కాలిపర్ బిగించే లగ్గులు (చెవులు) పోతలోనే ఉన్న డిస్క్ ఫోర్కుని యోక్‌లతో (ఫోర్కుని పైన పట్టి ఉంచే క్లాంపులతో) సహా తెచ్చుకోండి. హబ్ (చక్రం మధ్య దిమ్మ) మారితే స్పోకుల కొలత, రిమ్ సెంటర్ కూడా మారతాయి. డయల్ గేజ్ పెట్టి డిస్క్ వంకర 0.15 మి.మీ. దాటకుండా చూసుకోండి.

ఇక ఫెయిరింగ్. హోస్ (బ్రేక్ ఆయిల్ గొట్టం) కొనకముందే ఫోర్క్ స్ప్రింగులు తీసేసి, ముందు భాగాన్ని అడుగుదాకా నొక్కి, హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పండి. డ్రమ్‌తో ఎప్పుడూ అంత కిందికి దిగని ఫోర్కు డిస్క్‌తో దిగుతుంది. మడ్‌గార్డ్ ఫెయిరింగ్ పెదవిని కొడుతుందో, మాస్టర్ మీది రిజర్వాయర్ (ఆయిల్ డబ్బా) ఫెయిరింగ్ లోపలి గోడకి తగులుతుందో అప్పుడే బయటపడుతుంది. క్లిప్ఆన్‌లకి (ఫోర్కుకే బిగించే పొట్టి హ్యాండిళ్లకి) మాస్టర్ వాలిపోతే విడి రిజర్వాయర్ పెట్టి, దాన్నే అన్నిటికన్నా ఎత్తులో ఉంచండి. స్టీలు అల్లిక హోస్ ఫైబర్‌ని రంపంలా కోస్తుంది. తాకే ప్రతిచోటా రబ్బర్ స్లీవ్ వేయాల్సిందే.

హోస్‌ని మాస్టర్‌కి బిగించే బాంజో బోల్టు (లోపల ఆయిల్ దారి ఉన్న బోల్టు) దగ్గర బలవంతం వద్దు. జపాన్ మాస్టర్లకి సాధారణంగా ఎం10 (10 మి.మీ. బోల్టు), 1.25 మి.మీ. పిచ్ (మర చుట్ల మధ్య దూరం), ఇటలీవాటికి 1.0. మొదటి రెండు చుట్లు చేత్తో తిరగకపోతే బోల్టు తప్పు. రాగి వాషర్లు రెండు పక్కలా కొత్తవే వేయండి.

డాట్ 4 బ్రేక్ ఆయిల్ చుక్క పడితే పెయింట్ లేస్తుంది కాబట్టి ఫెయిరింగ్ మీద తడిగుడ్డ పరవండి, పడిన వెంటనే నీళ్లు పోయండి. ఎంత బ్లీడ్ చేసినా (ఆయిల్లోని గాలి బయటికి తీసినా) లివర్ మెత్తగానే ఉంటే కాలిపర్‌ని ఒకసారి చూడండి, గాలి బయటికొచ్చే నిపుల్ కిందివైపు ఉందేమో. ఎడమ కాలిపర్ కుడికి వేస్తే అంతే, గాలి పైన ఇరుక్కుని కూర్చుంటుంది. విప్పి, ప్యాడ్‌ల మధ్య చెక్కముక్క పెట్టి, నిపుల్ పైకొచ్చేలా పట్టుకుని బ్లీడ్ చేసి మళ్లీ బిగించండి.

అన్నట్టు, బ్రేకు లైటు పాత స్విచ్ డ్రమ్ లివర్‌తోనే పోయింది. ప్రెషర్ స్విచ్ ఉన్న బాంజో బోల్టు వేయకపోతే ముందు బ్రేకు పట్టినప్పుడు వెనక లైటు వెలగదు.