ఎలెక్టివ్ పేరు చెప్పి అబ్జర్వర్‌షిప్ అంటగడుతున్నారు

ఇంటర్న్‌షిప్ అయిపోయి పట్టా చేతికొచ్చాక "అన్నా, అమెరికాలో ఎలెక్టివ్ ఎలా చేయాలి?" అని అడిగే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ జవాబు ఒక్కటే. చేయలేరు, టైమ్ దాటిపోయింది. ఎలెక్టివ్ అంటే అక్కడి ఆసుపత్రిలో కొన్ని వారాలు చేసే క్లినికల్ ట్రైనింగ్, అది స్టూడెంట్‌కి మాత్రమే ఇస్తారు. అటెండింగ్ (వార్డు బాధ్యత చూసే సీనియర్ డాక్టర్) పర్యవేక్షణలో హిస్టరీ తీసుకుంటారు, పేషెంట్‌ని పరీక్షిస్తారు, రౌండ్స్‌లో కేసు ప్రెజెంట్ చేస్తారు. పట్టా వచ్చాక దొరికేది ఎక్కువగా అబ్జర్వర్‌షిప్, అంటే చేతులు కట్టుకుని చూడటం. రెసిడెన్సీ (అక్కడి పీజీ ట్రైనింగ్) అప్లికేషన్‌లో ఈ రెండిటి విలువ ఒకటి కాదు.

కొన్ని కన్సల్టెన్సీలు ఈ రెండూ ఒకటేనన్నట్టు ప్యాకేజీ కట్టి అమ్ముతున్నాయి. డబ్బు కట్టేముందు తల్లిదండ్రులు రెండు ప్రశ్నలు అడగండి. మా వాడిని మెడికల్ స్కూల్ విజిటింగ్ స్టూడెంట్‌గా నమోదు చేసుకుంటుందా? మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగితే ఆదుకునే బీమా) ఎవరు చూసుకుంటారు? నీళ్లు నమిలారంటే అది ఎలెక్టివ్ కాదు.

అసలు చిక్కు మన క్యాలెండర్‌లో ఉంది. మన ఎంబీబీఎస్‌లో ఎలెక్టివ్స్‌కి ఇచ్చేది 15 రోజుల బ్లాకులు రెండు. అమెరికా స్కూళ్లు మామూలుగా 4 వారాల బ్లాకు ఇస్తాయి. పదిహేనులో ఇరవై ఎనిమిది ఇరకదు. ఇంటర్న్‌షిప్‌లో చూసుకుందాం అంటే అక్కడ సెలవు మొత్తం 15 రోజులే, అది దాటితే ఇంటర్న్‌షిప్ ఎక్స్‌టెన్షన్. నీట్ పీజీకి ఇంటర్న్‌షిప్ పూర్తవ్వాల్సిన కటాఫ్ తేదీ నెత్తిమీద ఉన్నవాళ్లకు ఆ ఎక్స్‌టెన్షన్ ఎంత ఖరీదో చెప్పక్కర్లేదు. పైగా ఫైనల్ పరీక్షలు పాసైన ఇంటర్న్‌ని కొన్ని స్కూళ్లు స్టూడెంట్‌గా లెక్కేస్తాయి, కొన్ని వెయ్యవు. అప్లికేషన్ ఫీజు తిరిగి రాదు, కాబట్టి ముందు మెయిల్ పెట్టి అడగండి.

జార్జియా, కిర్గిస్థాన్, ఫిలిప్పీన్స్‌లో చదివే మనవాళ్లకు ఇంకో గుంట ఉంది. ఇండియాలో లైసెన్స్ కావాలంటే 2021 ఎఫ్ఎంజీఎల్ (విదేశాల్లో చదివినవాళ్ల లైసెన్స్) నిబంధనల ప్రకారం కోర్సు, క్లినికల్ ట్రైనింగ్, అక్కడి ఇంటర్న్‌షిప్ అన్నీ ఒకే సంస్థలో జరగాలి, వేరే దేశంలో కొంత భాగం చేస్తే కుదరదు. వేసవి సెలవుల్లో అమెరికా ఎలెక్టివ్ అదనంగా చేసినా సరే, అది ట్రాన్‌స్క్రిప్ట్‌లో కోర్సు గంటల కింద చేరకుండా చూసుకోండి.

అప్లికేషన్‌కి వీఎస్ఎల్ఓ అనే పోర్టల్ ఉంది కానీ మీ కాలేజీ అందులో భాగస్వామి కాకపోతే లాగిన్ కూడా దొరకదు. అప్పుడు ఒక్కో స్కూల్ అంతర్జాతీయ విజిటింగ్ స్టూడెంట్ పేజీ చూసి నేరుగా అప్లై చేయడమే. ట్యూషన్ నెలకు వేల డాలర్లు గుంజే స్కూళ్లున్నాయి. స్టెప్ 1 (అమెరికా లైసెన్స్ పరీక్షల్లో మొదటిది) పాసై ఉండాలనేవీ చాలా ఉన్నాయి.

తెలివైన పిల్లలు కూడా బోల్తాపడేది ఇమ్యునైజేషన్ (టీకాల వివరాల) ఫారం దగ్గర. హెపటైటిస్ బి మూడు డోసులు 0, 1, 6 నెలల్లో పడాలి. చివరి డోసు తర్వాత నెల రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్ (రక్తంలో రక్షణనిచ్చే యాంటీబాడీ ఎంతుందో చూసే పరీక్ష) చేయించాలి, అది 10 ఎంఐయూ/ఎంఎల్ లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. అంటే డోసులు ఇప్పుడు మొదలుపెడితే ఒక్క ఈ గడి నిండటానికే ఏడెనిమిది నెలలు. ల్యాబ్‌కెళ్లి "హెపటైటిస్ బి టెస్ట్" అంటే వాళ్లు హెచ్‌బీఎస్-ఏజీ కార్డు టెస్ట్ చేసి "నెగెటివ్" అని రాసిస్తారు. అది జబ్బు ఉందా లేదా అని చూసేది, రక్షణ ఉందా అని కాదు. చీటీ మీద "యాంటీ-హెచ్‌బీఎస్ క్వాంటిటేటివ్" అని రాయించుకోండి. రిపోర్టులో "రియాక్టివ్" అనే మాట చాలదు, అంకె కావాలి. రుబెల్లాకీ అంతే, అడిగేది రక్షణ చూపే ఐజీజీ, కొత్తగా సోకిందా అని చూసే ఐజీఎం కాదు. టీబీకి మాంటూ చర్మపరీక్ష వేయించుకుంటే బీసీజీ టీకా వల్ల చెయ్యి ఉబ్బి పాజిటివ్ అనిపించే అవకాశం ఉంది. ఐజీఆర్ఏ రక్తపరీక్షకు బీసీజీతో పేచీ లేదు, నేరుగా అదే చేయించండి. అందులోనూ పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే జతచేయాలి.

తేదీలు జాగ్రత్త. మనం 03/04 అని రాస్తే ఏప్రిల్ 3, వాళ్లు చదివేది మార్చి 4. రెండు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) డోసుల మధ్య 28 రోజులు లేవని ఫారం తిరిగొచ్చేది ఇలాంటి చోటే. నెలను అక్షరాల్లో రాయండి. ఇక మన ఇంటిపేరు గొడవ తెలిసిందే. టెన్త్ మెమోలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, కాలేజీ లెటర్‌లో ఇంకోటి. అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

వీసా బీ-1. డీన్ ఆఫీసు లెటర్‌లో ఎలెక్టివ్ క్లర్క్‌షిప్ అనీ, జీతం లేదనీ, తేదీలూ స్పష్టంగా ఉండాలి. కౌంటర్‌లో గొప్పకు పోయి "అక్కడ హాస్పిటల్లో పనిచేస్తాను" అన్నారో, మీ కేసు మీరే చెడగొట్టుకున్నట్టు.

వార్డులో మన భాష మార్చుకోవాలి. పారాసెటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ అల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, రిఫాంపిసిన్ రిఫాంపిన్. "డెరిఫిలిన్ ఇచ్చాం", "మోనోసెఫ్ పెట్టాం" అని మన బ్రాండ్ పేర్లు చెబితే ఎదుటివాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. గదిలోకి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చేతులకు శానిటైజర్. పేషెంట్ గౌను తొలగించేముందు అనుమతి అడగాలి. మన ఓపీలో పదిమంది మధ్య పొట్ట నొక్కినట్టు అక్కడ నొక్కితే ఆ రోజే కంప్లయింట్.

ఇక రెసిడెన్సీకి కావాల్సిన సిఫారసు లెటర్ సంగతి. ముందే రాసుకొచ్చిన కాగితం మీద సార్ సంతకం చేయడం మన దగ్గర నడుస్తుంది, అక్కడ ఆ మాట ఎత్తకండి. లెటర్‌ని అటెండింగే ఎరాస్ (రెసిడెన్సీ అప్లికేషన్ పోర్టల్) లోకి నేరుగా అప్‌లోడ్ చేస్తారు. మీరు అప్లై చేసే సీజన్ తెరుచుకునేదాకా అదీ కుదరదు, కాబట్టి ఇప్పుడే రాసి దాచిపెట్టమని అడగాలి. చాలాచోట్ల వార్డుల్లో అటెండింగ్ వారం రెండు వారాలకు మారిపోతారు. నాలుగో వారం ఆఖరి రోజున అడుగుదాం అనుకుంటే, మీ కేసులు విన్న మనిషి అప్పటికి వార్డులోనే ఉండరు. ఆయన డ్యూటీ దిగే రోజే అడగండి.