ఆనవాలు కాని ఆనవాలు

2015 ఫిబ్రవరి 6. అమెరికాలోని అలబామా రాష్ట్రం, మ్యాడిసన్ అనే ఊరు. గుజరాత్ నుంచి కొడుకింటికి వచ్చి కొద్ది రోజులే అయిన 57 ఏళ్ల పెద్దాయన ఒకరు ఉదయం నడకకు బయలుదేరారు. మనవణ్ని చూసుకోవడానికి వచ్చిన తాత. ఇంగ్లీషు రాదు. ఆ వీధిలోనే ఉండే ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు: సన్నగా ఉన్న నల్లజాతి మనిషి ఒకడు తిరుగుతున్నాడు, గ్యారేజీల వైపు చూస్తున్నాడు, ఇంతకుముందు ఇక్కడ ఎప్పుడూ కనిపించలేదు అని. పోలీసులు వచ్చి ఆయన్ను ఆపారు. తనకు వచ్చిన నాలుగు మాటలూ ఆయన చెప్పారు: ఇంగ్లీషు రాదు, ఇండియన్, నడక. కాసేపటికి ఒక అధికారి ఆయన చేతులు వెనక్కి విరిచి పట్టుకుని నేలకేసి కొట్టాడు. పోలీసు కారులోని కెమెరా అదంతా రికార్డు చేసింది. వెన్నుకు గాయమై ఆయన శరీరం పాక్షికంగా చచ్చుబడింది.

అధికారి మీద కేసు నడిచింది. రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. 2016 జనవరిలో న్యాయమూర్తి ఆ అధికారిని నిర్దోషిగా ప్రకటించారు. పెద్దాయన వేసిన దావా 2021లో 17.5 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది. ఆ అధికారి చేసిన పని గురించి అప్పట్లో చాలా చర్చ జరిగింది, జరగవలసిందే. నన్ను ఇప్పటికీ వెంటాడేది మాత్రం దానికి ముందు వచ్చిన ఆ ఫోను.

అందులో నేరం ఎక్కడుంది? ‘నల్లజాతి’, ‘కొత్త మనిషి’ అన్న మాటలు తీసేయండి. ఒక సన్నటి మనిషి ఇళ్లకేసి చూస్తూ వీధిలో నడుస్తున్నారు. అంతే మిగులుతుంది. కొత్త ఊరికి వెళ్లిన మనమైనా అలాగే నడుస్తాం. పైగా అన్నిటికంటే గట్టిగా చెప్పిన ఆనవాలే తప్పు. ఆయన నల్లజాతీయుడు కాదు.

ఇలాంటి కబురు ఇప్పుడు పోలీసులకు చేసే ఫోనులోనే కాదు, ఇరుగుపొరుగు యాప్‌లలోనూ తిరుగుతోంది. ఫోనులో చెప్పింది ఒకరు వింటారు, తిరిగి ప్రశ్నలు వేస్తారు. యాప్‌లో రాసింది వీధి వీధంతా చదువుతుంది, ప్రశ్న వేసేవారు తక్కువ. అందుకే అమెరికాలో ఈ వాదన ఏళ్లుగా నడుస్తోంది: అనుమానితుడి గురించి రాసేటప్పుడు జాతి రాయాలా, వద్దా? రాయవచ్చని నేను అనుకుంటాను. అయితే అది ఒక మనిషిని పట్టిచ్చే ఆనవాళ్లలో ఒకటిగా ఉండాలి. అదొక్కటే ఉంటే దాన్ని ఆనవాలు అనకూడదు.

ఆనవాలు ఎలా ఉండాలో మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. మన పత్రికల్లో తప్పిపోయినవారి ప్రకటనలు చూడండి. చామనఛాయ, ఎత్తు ఐదున్నర అడుగులు, ఇల్లు వదిలినప్పుడు నీలిరంగు గళ్ల చొక్కా, ఎడమ చెంప మీద మచ్చ, తెలుగు, హిందీ మాట్లాడగలడు. ఇందులో చామనఛాయ ఒక్కటే ఉంచి మిగతావన్నీ కొట్టేస్తే ఆ ప్రకటన ఎవరికోసం? రాష్ట్రంలో సగం మందికి సరిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో రెండు పుట్టుమచ్చలు రాయించుకునేదీ ఇందుకే. పేరు, ఊరు, తండ్రి పేరు కలిసినా మచ్చలు కలవవు.

ఆనవాలు ఒక్కటే మిగిలినప్పుడు ఏం జరుగుతుందో ఒనియోంటా చూపించింది. అది న్యూయార్క్ రాష్ట్రంలో చిన్న కళాశాల పట్టణం. నల్లజాతీయులు చాలా తక్కువ, కొన్ని వందలమంది. 1992 సెప్టెంబరు 4 తెల్లవారుజామున ఊరి వెలుపల ఒక ఇంట్లో 77 ఏళ్ల మహిళ మీద దాడి జరిగింది. ఆమె దుండగుడి ముఖం చూడలేదు. కనిపించినంత వరకు చేతిని బట్టి నల్లజాతీయుడని, గదిలో చురుగ్గా కదిలిన తీరును బట్టి కుర్రవాడని, పెనుగులాటలో అతని చేతికి కత్తి గాయమైందని చెప్పింది. పోలీసు కుక్క వాసన పట్టుకుని కళాశాల వైపు కొంత దూరం వెళ్లింది. కళాశాల అధికారి ఒకరు అక్కడ చదివే నల్లజాతి మగ విద్యార్థుల జాబితా మొత్తం పోలీసుల చేతిలో పెట్టారు. ఒక్కొక్కరినీ పిలిచి చేతులు చూపించమన్నారు. ఎవరూ దొరకలేదు. తర్వాత ఊళ్లోకి వెళ్లి, తెల్లవారు కాని రెండు వందలకు పైగా మందిని దారిలో ఆపి చేతులు పరీక్షించారు. బస్సెక్కబోతున్న ఒక కళాశాల ఉద్యోగినిని కూడా ఆపి గుర్తింపు కార్డు అడిగారు. ఆమె నల్లజాతి మహిళ. పోలీసులు వెతుకుతున్నది మగవాణ్ని.

ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగేది ఆ ఉద్యోగిని దగ్గరే. బాధితురాలు చెప్పినవి మూడు, నాలుగు గుర్తులు. చేతి మీది గాయం నిజంగా పనికొచ్చే ఆనవాలు. అయినా వెతుకులాట సాగుతున్న కొద్దీ కుర్రవాడన్నది జారిపోయింది, మగవాడన్నది జారిపోయింది. చివరికి చర్మం రంగు మాత్రం మిగిలింది. రంగు అన్నిటికంటే తేలికగా కంటికి కనిపిస్తుంది, దూరం నుంచే చూడవచ్చు. గాయం చూడాలంటే దగ్గరికి వెళ్లాలి. విద్యార్థులు, ఊరివాళ్లు కోర్టుకు వెళ్లారు. పోలీసులు జాతిని బట్టి కాక బాధితురాలు ఇచ్చిన ఆనవాలును బట్టి నడుచుకున్నారు కాబట్టి సమాన రక్షణ హక్కుకు భంగం లేదని ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. చట్టం దృష్టిలో ఆ తేడా నిలబడి ఉండవచ్చు. చేతులు చాపి నిలబడ్డ రెండు వందల మందికి ఆ తేడా ఎక్కడ కనిపిస్తుంది?

నెక్స్ట్‌డోర్ అనే యాప్ ఇక్కడికే వచ్చి చిక్కుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఈ సంస్థ స్థాపకుల్లో భారత సంతతికి చెందిన నీరవ్ తోలియా ఒకరు. ఒకే పేటలో ఉండేవారు నిచ్చెన అరువడగడానికి, తప్పిపోయిన పిల్లి కోసం, మంచి ప్లంబరు కోసం రాసుకునే చోటు అది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరంలో అది మరోలా మారింది. ‘నల్లజాతి యువకుడు, హుడీ, మెల్లగా కారు నడుపుతున్నాడు, జాగ్రత్త’ అన్న తరహా పోస్టులు పెరిగాయి. తమ ఇంటి ముందు తాము నిలబడినా ఎవరో ఒకరు రాస్తున్నారని నల్లజాతి నివాసులు వాపోయారు. 2015లో స్థానికులు ఒక బృందంగా కూడి సంస్థను నిలదీశారు, పత్రికలు రాశాయి, నగర కౌన్సిల్ సభ్యులు ప్రశ్నించారు.

2016 ఆగస్టుకల్లా సంస్థ పోస్టు రాసే ఫారాన్నే మార్చేసింది. ముందు ఆ వ్యక్తి ఏం చేశాడో చెప్పమంది. జాతి రాస్తే జుట్టు, పైన వేసుకున్నది, కింద వేసుకున్నది, చెప్పులు, వీటిలో కనీసం రెండు నింపాలని పెట్టింది. నింపకపోతే పోస్టు వెళ్లేది కాదు. ఇది చదివినప్పుడు నాకు మన రెండు పుట్టుమచ్చలు గుర్తుకొచ్చాయి. జాతిని ఎత్తి చూపే పోస్టులు 75 శాతం తగ్గాయని సంస్థ ప్రకటించింది. అది సంస్థ తన గురించి తాను చెప్పుకున్న లెక్క, దాన్ని ఆ మేరకే తీసుకోవాలి. అయినా పద్ధతి వెనుక ఆలోచన గట్టిది. ఈ విషయంలో సంస్థకు సలహా ఇచ్చిన స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త జెనిఫర్ ఎబర్‌హార్ట్ చెప్పేది ఇదే: భయంలో, తొందరలో ఉన్నప్పుడే మనసు పాత ముద్రల మీద వాలిపోతుంది, కాబట్టి రాసే చేతిని ఒక్క నిమిషం ఆపాలి. చెప్పులు ఏ రంగువో గుర్తు తెచ్చుకోబోయిన మనిషికి, తాను అసలు ఆ వ్యక్తిని సరిగా చూడనే లేదని అప్పుడు తెలుస్తుంది.

ఫారం మారితే సరిపోతుందా? సరిపోదు. దానికి సాక్ష్యం 2012 ఫిబ్రవరి 26న ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో ఉంది. మిఠాయి పొట్లం, శీతల పానీయం కొనుక్కుని వానలో నడిచి వస్తున్న 17 ఏళ్ల నల్లజాతి కుర్రవాడు ట్రేవాన్ మార్టిన్‌ను చూసి, పేట కాపలా కాసే జార్జ్ జిమ్మర్‌మన్ పోలీసులకు ఫోన్ చేశాడు. కాసేపటికి ఆ కుర్రవాణ్ని కాల్చి చంపాడు. ఆ ఫోను సంభాషణలో జాతి మాట ముందుగా ఎత్తింది అతను కాదు. తెల్లవాడా, నల్లవాడా, హిస్పానిక్కా అని అవతలి ఉద్యోగి అడిగాకే, నల్లవాడిలా ఉన్నాడని చెప్పాడు. ఒక పెద్ద టీవీ సంస్థ ఆ ప్రశ్నను కత్తిరించి ప్రసారం చేసి, తర్వాత క్షమాపణ చెప్పవలసి వచ్చింది. జిమ్మర్‌మన్ మొదట వాడిన మాట ‘అనుమానాస్పదం’. కుర్రవాడు ఏం చేస్తున్నాడంటే, వానలో తిరుగుతున్నాడు, అటూ ఇటూ చూస్తున్నాడు. జాతి పదాన్ని ఏ యాప్ అయినా నిషేధించవచ్చు, అప్పుడు ఆ పదం చేసే పనంతా ‘అనుమానాస్పదం’ అన్న మాట చేస్తుంది. నాకు జాతి పదం కంటే ఈ పదమే ఎక్కువ భయం. ఏమీ చేయని మనిషికి నేరం అంటగట్టే శక్తి దీనిలో ఉంది.

ఎదుటివారి వాదన తేలికగా కొట్టిపారేయదగ్గది కాదు. ఓక్లాండ్‌లో దోపిడీలు కల్పితం కావు. కత్తి చూపించి పర్సు లాక్కున్నవాడి గురించి ఎత్తు, జాకెట్టు, వాడెక్కిన కారు రంగు అన్నీ చెప్పి, జాతి మాత్రం దాచమనడం అర్థంలేని పని. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ తన విలేకరులకు పెట్టిన నియమంలోనూ, పోలీసులు వెతుకుతున్న వ్యక్తి గురించి వివరమైన ఆనవాళ్లు ఉంటే వాటితో పాటు జాతి రాయవచ్చు. దాచితే అనుమానం ఇంకా పెరుగుతుందన్న మాటలోనూ నిజముంది. ఆనవాళ్లున్న చోట రాయండి అనే నేనూ అంటాను.

కాకపోతే కళ్లతో చూశాం కాబట్టి తప్పు జరగదు అన్న ధీమా నిలవదు. వేరే జాతివారి ముఖాలను మనుషులు తమవారి ముఖాలంత బాగా గుర్తుపట్టలేరని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. ఈ సంగతి జ్యూరీకి చెప్పవలసిన సందర్భాలుంటాయని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1999లోనే తీర్పు ఇచ్చింది. డీఎన్‌ఏ పరీక్షతో నిర్దోషులని తేలి విడుదలైన అమెరికా ఖైదీల కేసుల్లో సుమారు మూడింట రెండు వంతులు ప్రత్యక్ష సాక్షులు పొరపాటుగా గుర్తుపట్టినవే. ఇక అబద్ధం సంగతి వేరు. 1994లో దక్షిణ కరొలైనాలో ఒక తల్లి, నల్లజాతీయుడొకడు తన కారుతో పాటు ఇద్దరు పిల్లల్నీ ఎత్తుకుపోయాడని చెప్పింది. తొమ్మిది రోజులు దేశమంతా నమ్మింది, ఊహాచిత్రం కూడా గీశారు. పిల్లల్ని చెరువులో ముంచింది తానేనని చివరికి ఒప్పుకుంది. ఆ కథ అంత తేలికగా చెల్లడానికి కారణం, వినేవాళ్ల మనసులో ఆ బొమ్మ ముందే గీసి ఉండటం.

మనకు ఇదంతా పరాయి దేశపు గొడవ కాదు. పేరే ఆనవాలుగా మారిన మనుషులు మన దగ్గరా ఉన్నారు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా రాసేసింది. ఎరుకలవారిని ఒకచోట ఉంచడానికి స్టువర్టుపురం వెలిసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది, ఊరి పేరు మాత్రం చాలాకాలం దొంగకు మారుపేరుగానే వాడుకలో ఉండిపోయింది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, వాళ్లు ఫలానా తెగవాళ్లని, ఫలానా రాష్ట్రంవాళ్లని వాట్సాప్‌లో పుకార్లు తిరిగాయి. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. ఆ సందేశాల్లో ఎత్తు లేదు, ముఖం లేదు, చొక్కా రంగు లేదు. తెగ పేరు ఉంది, భాష పేరు ఉంది. అప్పట్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కళాకారులను, కానిస్టేబుళ్లను ఊరూరా పంపి పుకార్లకు పాటలతో బదులు చెప్పించారు. ఆ సందేశాల్లో మనుషులెవరూ లేరని జనానికి నచ్చజెప్పడానికి అంత శ్రమ పట్టింది.

అమెరికాలోని మన కుటుంబాలు ఈ వ్యవహారంలో రెండు వైపులా ఉన్నాయి. ఇల్లు కొనుక్కున్నాక మనవాళ్లూ ఇలాంటి యాప్‌లలో చేరుతారు, తలుపు గంటకు కెమెరా పెడతారు, అందులో కనిపించిన కొత్త ముఖాన్ని కాలనీకంతటికీ చూపిస్తారు. నల్లవాడొకడు తిరుగుతున్నాడన్న మాట మన నోట అలవోకగా వస్తుంది. అది నేను విన్నాను, ఆ మాట దగ్గర ఊరుకున్నాను కూడా. అదే సమయంలో కాన్పుకు వచ్చిన అమ్మ, మనవల కోసం ఆరు నెలలు ఉండటానికి వచ్చిన నాన్న సాయంత్రం పూట ఆ వీధుల్లోనే నడుస్తారు. చలికి తలకు మఫ్లరు చుట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి ఇంటి ముందు పూలమొక్కల దగ్గరా ఆగి చూస్తూ. ఎవరైనా పలకరిస్తే ఏం చెప్పాలో తెలియక నవ్వుతారు. చాలామంది పిల్లలు వాళ్ల జేబులో ఇంటి చిరునామా, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టి పంపుతారు. మ్యాడిసన్‌లోని ఆ పెద్దాయనకు కొడుకింటి నంబరు తెలుసు. ఇల్లు అటేనని చేత్తో చూపించారు కూడా.