సవరణ: ఫిల్మ్స్ డివిజన్ తొలి చీఫ్ ప్రొడ్యూసర్ ఎజ్రా మీర్ కాదు

మొన్న డాక్యుమెంటరీ నిర్మాత ఎజ్రా మీర్ గురించి ఒక పోస్టు రాస్తూ, 1948లో కేంద్ర ప్రభుత్వ డాక్యుమెంటరీ నిర్మాణ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ మొదలైనప్పుడు తొలి చీఫ్ ప్రొడ్యూసర్ ఆయనేనన్నాను. అది నా పొరపాటు. ఆ సంస్థ చరిత్ర మీద వచ్చిన రచనల్లో ఉన్న పేరు దర్శకుడు మోహన్ భవ్నానీ. ఎజ్రా మీర్ ఆ కుర్చీలోకి వచ్చింది 1956లో.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం నడిపిన ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియాకి మాత్రం ఆయనే అధిపతి. హాల్లో అసలు బొమ్మ పడేముందు వేసిన ప్రచార డాక్యుమెంటరీలు దాని తయారీయే. 1946లో దాన్ని మూసేశారు. నేను ఆ రెండు సంస్థల్నీ ఒకటిగా కలిపేశాను.

ఎజ్రా మీర్ కలకత్తా నాటకాల్లో నటుడిగా మొదలయ్యారని ఆ పోస్టులో రాసింది మాత్రం సరైనదే. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా జతచేయండి. భవ్నానీ పేరు మరుగున పడకూడదు.