రెండు తరాబులుస్‌లను ఒక్క ‘ట్రిపోలీ’లో ముంచేశాం

2013 ఆగస్టు 23, శుక్రవారం నాడు ట్రిపోలీలో ప్రార్థనల వేళ రెండు మసీదుల వద్ద పేలుళ్లు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు 10న ట్రిపోలీలో తెల్లవారుజామున ప్రధానమంత్రి అలీ జైదాన్‌ను సాయుధులు హోటల్ గదిలోంచి ఎత్తుకుపోయి, కొన్ని గంటల తర్వాత వదిలిపెట్టారు. ఏడు వారాల తేడాతో వచ్చిన ఈ రెండు వార్తలనూ ఒకదాని కింద ఒకటిగా చదివిన వారు ఒకే ఊరు తగలబడుతోందని అనుకుంటే తప్పు వారిది కాదు. పేలుళ్లు జరిగింది లెబనాన్‌లో, అపహరణ జరిగింది లిబియాలో. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు రెండు వేల కిలోమీటర్లు. ఆ రోజుల్లో నేను పనిచేసిన ఒక డెస్కులో పేలుళ్ల వార్త పక్కన లిబియా పటం పెట్టి పేజీ దాదాపు అచ్చుకు పంపేశారు. డేట్‌లైన్‌లో, అంటే వార్త మొదట ఊరి పేరు రాసే చోట, ‘ట్రిపోలీ’ అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేకపోవడమే అందుకు కారణం.

ఈ గందరగోళం ఆ ఊళ్ల స్వభావంలో లేదు, అక్కడి ప్రజల మాటలోనూ లేదు. వారు దీనిని శతాబ్దాల క్రితమే పరిష్కరించుకున్నారు. ఆ పరిష్కారాన్ని పక్కన పారేసి, ఐరోపా పటాల మీదుగా వచ్చిన అరకొర పేరును తెచ్చుకున్నది ఇంగ్లీషు వార్తాసంస్థలు, వాటిని అనుసరించి మనం. ఇకనైనా తెలుగు పత్రికలు ఈ రెండు ఊళ్లనూ అక్కడివారు పలికే అరబ్బీ పేరుతో, ఏది ఏదో చెప్పే గుర్తు చేర్చి, ‘తరాబులుస్’ అనే రాయాలి.

పేరు మూలంలో గ్రీకుదే, ఆ మాట కాదనడం లేదు. ‘త్రి’ అంటే మూడు, ‘పోలిస్’ అంటే నగరం. తెలుగువారికి దీనిని విడమరచి చెప్పనవసరం లేదు. మన ‘త్రిపురం’లోని రెండు ముక్కలూ గ్రీకు మాటలోని రెండు ముక్కలకూ దాయాదులే. అయితే పేరు గ్రీకుది కాబట్టి ఊరూ గ్రీకులదేనని, దాని అసలైన పలుకుబడి ఐరోపా వాళ్ల దగ్గరే ఉంటుందని అనుకోవడంలోనే పొరపాటంతా ఉంది.

లెబనాన్‌లోని ఊరిని కట్టింది గ్రీకులు కాదు, ఆ తీరపు ప్రాచీన సముద్ర వర్తకులైన ఫినీషియన్లు. తూరు, సీదోను, అర్వదు అనే మూడు ఫినీషియన్ నగరాల వారు కలిసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పేట చొప్పున అక్కడ నిలిచారని, ఆ పేటలు ఒకదానికొకటి కూతవేటు దూరంలోనే ఉండేవని, ఫినీషియన్ల ఉమ్మడి సభ అక్కడే కూడేదని ప్రాచీన చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. దానికి ‘మూడు ఊళ్లు’ అని పేరు పెట్టింది బయటి నుంచి చూసిన గ్రీకులు. ఆ ఊరు ఆ తర్వాత చోటు కూడా మారింది. 1109లో క్రూసేడర్ల, అంటే ఐరోపా క్రైస్తవ సేనల, చేతికి చిక్కి, 1289లో ఈజిప్టు మమ్లూక్ సుల్తాన్ ఖలావూన్ చేతిలో నేలమట్టమై, సముద్రతీరం వదిలి కొంచెం లోపలికి, కోట ఉన్న గుట్ట కిందికి జరిగింది. పాత ఊరు ఉన్న తీరాన్ని ఇప్పుడు ‘అల్ మీనా’, అంటే రేవు, అని పిలుస్తున్నారు. ఈనాడు మనం చూసే వీధులు, హమామ్‌లు, మదరసాలు, సబ్బుల సరాయి ఉన్న పాత పట్నం అరబ్బీలో పుట్టి అరబ్బీలో పెరిగిన పట్నం.

లిబియా కథ దీనికి తలకిందులు. అక్కడ మూడు ఊళ్లు విడివిడిగానే ఉండేవి: ఓయా, సబ్రతా, లెప్టిస్ మాగ్నా. ఇవీ ఫినీషియన్ల రేవులే, తర్వాత నేటి ట్యునీషియా తీరంలోని కార్తేజి నీడలోకి, ఆపైన రోము కిందికి వచ్చాయి. మూడింటినీ కలిపి ఆ సీమకు త్రిపోలిటానా అన్న పేరు స్థిరపడింది. మూడో శతాబ్దం చివర డయోక్లీషియన్ చక్రవర్తి రాజ్యాన్ని చిన్న రాష్ట్రాలుగా విడగొట్టినప్పుడు అదే ఒక రాష్ట్రం పేరైంది. ఆ తర్వాత సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తిని కన్న లెప్టిస్ రేవు పూడిపోయి ఇసుకలో కూరుకుపోయింది. 365 నాటి భూకంపంలో దెబ్బతిన్న సబ్రతా మళ్లీ పూర్వపు వైభవానికి రాలేదు. మిగిలింది ఓయా ఒక్కటే. సీమ పేరు మొత్తం ఆ ఒక్క ఊరికే సంక్రమించి, చివరికి ‘ఓయా’ అన్న సొంత పేరే మాసిపోయింది. ఒకచోట ముగ్గురు కలిసి ఒక ఊరు కట్టారు, మరొకచోట మూడు ఊళ్లలో రెండు పోగా మిగిలినది మూడింటి పేరూ మోస్తోంది. ఒకే పేరు వెనుక ఇంత తేడా ఉన్న రెండు చరిత్రలను ఒకే ముద్ర కింద చదవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. గ్రీసులో, పెలొపొనీస్ మధ్యలో, ఇంకో త్రిపోలీ ఉంది; ఒట్టోమన్ తురుష్కుల కాలంలో దానిని త్రిపొలిత్సా అనేవారు. దాని గ్రీకు పేరును గ్రీకులే పలుకుతారు కాబట్టి దానితో మనకు పేచీ లేదు.

ఏడో శతాబ్దంలో ఈ రెండు తీరాలూ అరబ్బుల పాలనలోకి వచ్చాయి. అరబ్బీలో ‘ప’ కారం లేదు, అది ‘బ’ అయింది. మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావు, అందుకే ‘త్రి’ కాస్తా ‘తరా’ అయింది. అలా త్రిపోలిస్ తరాబులుస్ అయింది. మన నాలుక ‘స్టేషన్’ను ‘టేసను’ చేసుకున్నట్టే ఇదీ ఒక భాష పరాయి మాటను సొంతం చేసుకున్న తీరు. ఒకే పేరు రెండు చోట్ల ఉండటంతో వారు గుర్తు కూడా తగిలించారు. లెబనాన్, సిరియా ప్రాంతాన్ని అరబ్బులు షామ్ అంటారు కాబట్టి అక్కడిది ‘తరాబులుస్ అష్షామ్’. లిబియాది పడమట ఉంది కాబట్టి ‘తరాబులుస్ అల్ గర్బ్’.

ఈ గుర్తులు కవుల అలంకారాలు కావు, సర్కారు దఫ్తరాల అవసరాలు. ఒట్టోమన్లు 1516లో మొదటి ఊరినీ, 1551లో రెండోదానినీ పట్టుకున్నారు. అప్పటి నుంచి 1911 వరకు, అంటే 360 ఏళ్లపాటు, ఇస్తాంబుల్ దర్బారుకు రెండు తరాబులుస్‌ల నుంచీ శిస్తు లెక్కలు, సైనికుల జాబితాలు వస్తూనే ఉన్నాయి. ఏ కాగితం ఏ ఊరిదో తేల్చుకోలేకపోతే రాజ్యం నడవదు. ములుగు దగ్గరి ఘన్‌పూర్‌తో కలవకుండా ‘స్టేషన్ ఘన్‌పూర్’ అని మనం తేడా పెట్టుకోలేదా? అక్కడి గుమాస్తాలు చేసిందీ అదే. చిత్రమేమంటే ఆ కాలపు ఇటాలియన్ వర్తకులు కూడా ‘సిరియా ట్రిపోలీ’, ‘బార్బరీ ట్రిపోలీ’ అని వేరు చేసే మాట్లాడేవారు. సరుకు తప్పుడు రేవుకు పోతే నష్టపోయేది వారే కదా. ఆ గుర్తును కత్తిరించి ‘ట్రిపోలీ’ని మొండి పేరుగా మిగిల్చింది ఆధునిక ఐరోపా పటం.

ఆ కత్తిరింపు అమాయకంగా జరగలేదని నా అభిప్రాయం. 1911లో ఇటలీ లిబియా మీదికి దండెత్తినప్పుడు, ప్రాచీన రోము తన పూర్వపు భూమికి తిరిగి వస్తోందని ఊరూవాడా చాటుకుంది. ఆ యుద్ధంలోనే, 1911 నవంబరు 1న, తరాబులుస్ పరిసరాల్లో ఒక ఇటాలియన్ వైమానికుడు విమానం నుంచి చేతితో బాంబులు జారవిడిచాడు. విమానం నుంచి జరిగిన తొలి బాంబుదాడిగా చరిత్ర దానినే చెబుతోంది. 1912లో ఒట్టోమన్లు వైదొలిగాక, 1934లో ఇటలీ తన వలస ప్రాంతాలను ఒక్కటి చేసి, దానికి ఉత్తర ఆఫ్రికాకు గ్రీకులు వాడిన ‘లిబియా’ అన్న ప్రాచీన నామాన్ని తవ్వి తీసి పెట్టింది. గ్రీకు, రోమన్ పేరును పైకి తెస్తే మధ్యలోని 1,300 ఏళ్ల అరబ్బీ జీవితం కనిపించకుండా పోతుంది, వచ్చినవాడు దురాక్రమణదారు కాక వారసుడిగా కనిపిస్తాడు. ‘గ్రీకు పేరున్న మధ్యధరా నగరాలు’ అని మనం తీపిగా చెప్పుకునే మాటలో ఈ వారసత్వపు దావా ఇప్పటికీ దాగి ఉంది.

నా వాదనకు గట్టి రుజువు మరో గ్రీకు పేరులో దొరుకుతుంది. ‘నెయాపోలిస్’ అంటే కొత్త ఊరు, అచ్చంగా మన కొత్తూరు. ఇటలీలో కూమే నుంచి వచ్చిన గ్రీకులు క్రీ.పూ. అయిదో శతాబ్దంలో కట్టిన నెయాపోలిస్ నేటి నేపుల్స్. దాని పాత పట్నంలో ఇప్పటికీ ఆనాటి గళ్ల వీధుల మీదనే జనం నడుస్తారు. పాలస్తీనాలో వెస్పాసియన్ చక్రవర్తి క్రీ.శ. 72లో, గెరిజీము, ఏబాలు కొండల నడుమ, బైబిల్లో కనిపించే పాత ఊరు షెకెముకు కొద్ది దూరంలో ఫ్లావియా నెయాపోలిస్‌ను నిలిపాడు. అరబ్బులు దానిని నాబ్లుస్ చేసుకున్నారు. ఆలివ్ నూనె సబ్బుకూ, కునాఫా అనే జున్ను మిఠాయికీ పేరుమోసిన ఊరు అది. ట్యునీషియాలో కాప్ బోన్ తీరాన ఉన్న నెయాపోలిస్‌ను కార్తేజి వారి వర్తక స్థావరంగా ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ పేర్కొన్నాడు. అక్కడి నుంచి సిసిలీకి రెండు పగళ్లు, ఒక రాత్రి ప్రయాణమని కూడా చెప్పాడు. దానిని ఈనాడు నాబుల్ అంటారు. రోమన్ల కాలంలో చేపలను పులియబెట్టి చేసే ‘గారుమ్’ రసం తయారైన తొట్లతో సహా దానిలో ఒక భాగం సముద్రంలో మునిగి ఉన్నట్టు 2017లో బయటపడింది.

నేపుల్స్, నాబ్లుస్, నాబుల్ మూడూ ఒకే పేరు. అయినా నాబ్లుస్‌లో కాల్పులు జరిగాయని వార్త వస్తే ఏ తెలుగు సబ్ ఎడిటరూ ఇటలీ పటం పెట్టడు. నాబ్లుస్, నాబుల్‌లకు ప్రపంచం ఆయా ఊళ్ల వారి నోట మారిన రూపాలను తీసుకుంది కాబట్టి అయోమయానికి చోటే లేకపోయింది. నాలుక మార్చిన పేరు చెడిపోయిన పేరు కాదు, చిరునామా ఉన్న పేరు. తరాబులుస్ విషయంలో మాత్రం ఈ సూత్రాన్ని ఎందుకు పాటించలేదో ఎవరూ సమాధానం చెప్పరు.

ట్రిపోలీ అనే పేరు పాఠకులకు అలవాటైందని, కొత్త పేరు పెడితే వార్త అర్థం కాదని కొందరు సంపాదకులు అంటారు. బ్రాకెట్లో దేశం పేరు చేరిస్తే చాలదా అని కూడా అంటారు. అలవాటు మాట నిజమే. కానీ మద్రాసు చెన్నై అయినప్పుడు, పెకింగ్ బీజింగ్ అయినప్పుడు, రంగూన్ యాంగాన్ అయినప్పుడు పాఠకులు పత్రికలు మానలేదు. కొన్నాళ్లు రెండు పేర్లూ పక్కపక్కనే రాస్తే సరిపోయింది. ఊళ్ల పేర్లను వీలైనంత వరకు స్థానికులు పలికే రూపంలోనే వాడాలని ఐక్యరాజ్య సమితి భౌగోళిక నామాల నిపుణులు దశాబ్దాలుగా చెబుతున్నది కూడా ఇదే.

అసలు ఈ విషయంలో తెలుగుకు ఎవరి దగ్గరా నేర్చుకోవలసిన అగత్యం లేదు. తూరు, సీదోను, అర్వదు అని పైన రాశాను. ఈ రూపాలు నేను కల్పించినవి కావు. తెలుగు బైబిల్ చదివే ప్రతి ఇంటికీ తెలిసినవే. టైర్, సైడన్ అన్న ఇంగ్లీషు పలుకుబడి జోలికి పోకుండా, హీబ్రూ, గ్రీకు ధ్వనులకు దగ్గరగా ఆ అనువాదకులు పేర్లు దింపారు. డమాస్కస్ అనకుండా దమస్కు అన్నారు, ఈజిప్టు అనకుండా ఐగుప్తు అన్నారు. పౌలు ఓడ దిగిన మాసిదోనియా రేవు, నేటి కవాలా, అక్కడ ‘నెయపొలి’గానే ఉంది. ఆ పని చేసిన భాష ఈనాడు ఒక డేట్‌లైన్ రాయడానికి ఇంగ్లీషు కాపీలోని అక్షరాల వంక చూస్తోంది. ఒకే హైదరాబాద్‌లో, ఒకే రోజున, ఉర్దూ దినపత్రిక ‘తరాబులుస్’ అని అచ్చు వేస్తుంది, పక్కనే తెలుగు దినపత్రిక ‘ట్రిపోలీ’ అని వేస్తుంది. ఉర్దూ పాఠకుడికి అర్థమైన పేరు తెలుగు పాఠకుడికి అర్థం కాదనడం మన పాఠకుడిని చిన్నబుచ్చడమే.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. 2015 జూలైలో లిబియాలోని సిర్త్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న వారితో సహా నలుగురు భారతీయులు తరాబులుస్, ట్యూనిస్‌ల మీదుగా స్వదేశానికి బయలుదేరి దారిలో సాయుధుల చేతికి చిక్కారు. ఇద్దరు కొద్ది రోజుల్లోనే విడుదలయ్యారు. మిగిలిన ఇద్దరూ, ఒకరు తెలంగాణ, ఒకరు ఆంధ్రప్రదేశ్ వారు, 2016 సెప్టెంబరు దాకా చెరలోనే ఉన్నారు. ఏడాదికి పైగా రెండు తెలుగు కుటుంబాలకు ఆ దేశం నుంచి వచ్చే ప్రతి ఊరి పేరూ ప్రాణం మీదికి వచ్చిన మాటే. తెలుగువారు బతుకుతెరువు కోసం వెళ్తున్న తీరాల పేర్లు తెలుగు పత్రికలో సరిగ్గా, అక్కడి మనిషిని అడిగితే దారి చూపగలిగేంత సరిగ్గా ఉండాలని అడగడం అత్యాశ కాదు. లెబనాన్ ఊరికి ‘షామ్ తరాబులుస్’ అని, లిబియా రాజధానికి ‘పడమటి తరాబులుస్’ అని రాద్దాం. అలవాటయ్యే వరకు పక్కన ట్రిపోలీ అని బ్రాకెట్లో చేర్చుదాం. పత్రికల శైలీ పత్రాల్లో మార్చవలసింది రెండు పంక్తులు మాత్రమే.